ఎరుపు నిలబడదు పాపా

(బి.ఎఫ్.ఎ., అంటే లలితకళల డిగ్రీ, మొదటి సంవత్సరం పెయింటింగ్ విద్యార్థుల ముందు ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కింద కూర్చోండి, ఏం పర్లేదు. పెయింటింగ్ వాళ్ళకు కింద కూర్చోవడం ఎలాగూ తప్పదు. మైకు వినబడుతోందా? సరే.

మీ సార్ ఫోన్ చేసి, "మీరు స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చేసిన ప్రయోగాల గురించి పిల్లలకు చెప్పండి" అన్నారు. ఓ, చాలా చేశాను కదా, చెప్తాను అన్నాను. తర్వాత అటక మీద ఉన్న పాత ట్రంకుపెట్టె దించి, నాలుగేళ్ళ సరుకంతా బయటేసి చూశాను. ప్రయోగం అని ధైర్యంగా చెప్పుకోదగ్గవి ఎన్ని తేలాయో చెప్పండి? మూడు. మూడే! మరి మిగతాదంతా ఏమిటి? హడావుడి. ఆ రెండింటికీ తేడా తెలియడానికి నాకు రెండున్నరేళ్ళు పట్టింది. ఈరోజు ఆ తేడా గురించే చెప్తాను. అందుకోసం ఒక్క రంగు పట్టుకుంటాను. ఎరుపు.

ఈ పక్కన గుడ్డ కప్పి ఉన్నది ఏమిటా అని ఇందాకటి నుంచి ఆ అమ్మాయి దాన్నే చూస్తోంది. చూపిస్తానమ్మా, చివర్లో.

మాది కదిరి. మా నాయన బోర్డులు రాసేవాడు. షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక పేర్లు. మీలో ఎంతమందికి గుర్తుందో, ఫ్లెక్సీలు రాకముందు ప్రతి ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. రేకు తెచ్చి, తుప్పు గీకి, ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టేవాడు. అది ఆరాక తెల్లరంగు రెండు కోట్లు. దాని మీద సుద్ద దారం లాగి కొట్టి గీతలు వేసి, అక్షరాలు. అక్షరాలు ఎక్కువగా ఎర్ర ఎనామెల్‌తో. షాపువాళ్ళకు ఎరుపే కావాలి, దూరం నుంచి కనబడుతుందని. మూడేళ్ళు తిరిగేసరికి ఆ ఎరుపు వెలిసిపోయి గులాబీ రంగులోకి దిగేది. నల్లటి అంచు మాత్రం అలాగే ఉండేది. షాపాయన వచ్చి గొడవ పెట్టుకునేవాడు. మా నాయన ఒకటే చెప్పేవాడు: "ఎరుపు నిలబడదన్నా, ముందే చెప్పినా కదా." నాకూ అదే చెప్పేవాడు. ఎరుపు నిలబడదు పాపా, అని.

ఆ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఏ ఎరుపు? ఎందుకు నిలబడదు? ఒక్కరోజు కూడా అడగలేదు.

2007లో బి.ఎఫ్.ఎ.లో చేరాను. మొదటి ఏడాది ఫౌండేషన్. స్టిల్ లైఫ్, తల స్టడీ, పర్‌స్పెక్టివ్, క్లే మోడలింగ్, అన్నీ కొంచెం కొంచెం. నా చెయ్యి గట్టిదే. గీత గీస్తే స్కేలు పెట్టినట్టు ఉండేది, మొదలు ఎంత లావో చివర అంతే లావు. నాకు అది గొప్ప. మొదటి నెలలోనే ఒక సీనియర్ చూసి "ఇది బోర్డు రాసే చెయ్యి" అని నవ్వాడు. అంతే! ఆ రోజు నుంచి మా నాయన ఏం చేస్తాడో హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. పెయింట్ వ్యాపారం అని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదనుకోండి.

ఆ చేతిని వదిలించింది రైల్వే స్టేషన్. ఇక్కడ కూడా మిమ్మల్ని స్టేషన్‌కి పంపుతున్నారా? పంపుతున్నారా, మంచిది. మేం నలుగురైదుగురం కలిసి రాత్రి తొమ్మిదికి వెళ్ళి పదకొండు దాకా గీసేవాళ్ళం. మొదట్లో అందరం చేసే మోసం ఒకటుంది, మీరూ చేస్తారు: పడుకున్నవాళ్ళను వెతుక్కుని వేయడం. వాళ్ళు కదలరు కదా! నెలంతా దుప్పటి కప్పుకున్నవాళ్ళే నా స్కెచ్ బుక్ నిండా. మా సార్ తిరగేసి చూసి, "ఏమ్మా, ఇది స్టేషనా, ఆస్పత్రి వార్డా?" అన్నాడు. టీ అమ్మేవాణ్ణి వేయమన్నాడు. వాడు ఒక్కచోట నిలబడడు. రైలు ఆగింది రెండు నిమిషాలు, వాడు పన్నెండు కిటికీలు తిరుగుతాడు. అలా వేస్తూ వేస్తూ ఉంటే గీత దానంతటదే ఒకచోట నొక్కుకుంది, ఒకచోట తేలిపోయింది. వందల కాగితాలు పోయాయి. అది వేరే కథ, ఇక్కడితో ఆపుతాను.

రెండో ఏడాది. ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మీలో సగం మంది వచ్చే ఏడు ఇదే చేస్తారు.

రెండో ఏడాదిలో మాకు ఆయిల్ ఇచ్చారు, కాన్వాస్ ఇచ్చారు. లైబ్రరీలో పెద్ద పెద్ద పుస్తకాలు చూశాం. ఇంకేముంది, అందరం ప్రయోగాలు మొదలుపెట్టాం. నేను కాన్వాస్ మీద ఇసుక వేశాను, ఫెవికాల్ వేశాను, పేపర్ కట్టింగులు అంటించాను, కాఫీ డికాక్షన్ పోశాను, గోనెసంచి కుట్టాను. ఒక బొమ్మకు ఆయిల్ రంగు వేసి, అది ఆరడానికి ఓపిక లేక దాని మీద అక్రిలిక్ కొట్టాను. నూనె మీద అక్రిలిక్ పట్టుకుంటుందా? పట్టుకోదు. మూడు వారాలకు పాము కుబుసంలా లేచొచ్చింది. అయినా నాకు సంతోషమే, "టెక్స్‌చర్ వచ్చింది" అని. ఆ లేచొచ్చిన దాన్నే డిస్‌ప్లేలో పెట్టాను!

మా సార్ ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. "దీంట్లో ఏం తెలుసుకున్నావు?" అని అడిగాడు. నేను ఫీలింగు, ఎక్స్‌ప్రెషను అని ఏదో మొదలుపెట్టాను. "అది కాదమ్మా. ఇసుక వేస్తే ఏమైంది? ఎంత ఇసుక వేస్తే ఏమైంది? ఇసుక లేకుండా ఇదే బొమ్మ వేసి చూశావా?" అన్నాడు. వేయలేదు. ఒకేసారి అయిదు మార్చేశాను. అందులో ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో నాకెలా తెలుస్తుంది?

ఆ సెమిస్టర్ కాంపోజిషన్‌లో బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. సెలవులకు ఇంటికెళ్ళి మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. మా నాయన అప్పటికి బోర్డుల పని దాదాపు మానేశాడు. రాసేవాళ్ళను ఎవరూ అడగడం లేదు. ఇళ్ళకు సున్నాలు, రంగులు వేస్తున్నాడు. వసారాలో ఒక చెక్క ఉండేది. మూడడుగుల పొడవు. కొత్త డబ్బా తెరిచిన ప్రతిసారీ, కొత్తగా రెండు రంగులు కలిపిన ప్రతిసారీ ఆ చెక్క మీద వేలెడు పట్టీ వేసేవాడు. పక్కన పెన్సిల్‌తో గుర్తు: ఎంతకి ఎంత, ఏ నెల. చెక్కను ఎండ పడే చోట ఆనించి పెట్టేవాడు. ఇరవై ఏళ్ళ చెక్క అది! నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెక్క. దాన్ని తుడవనివ్వడు, పొయ్యిలో పెట్టనివ్వడు. ఆ రోజు మొదటిసారి నాకు అది కనబడింది. మా సార్ అడిగిన ప్రశ్నకు జవాబు మా వసారాలో గోడకు ఆనించి ఉంది.

ఆ ఏప్రిల్‌లోనే నా మొదటి ప్రయోగం చేశాను. దాన్ని మాత్రం ప్రయోగం అనే అంటాను. ఎనిమిది ఎరుపులు తీసుకున్నాను. పోస్టర్ కలర్ ఎరుపు, మా నాయన ఎనామెల్, ట్యూబులో వచ్చే క్రిమ్సన్, ఇంకో రెండు ట్యూబులు, రేకుకు కొట్టే రెడ్ ఆక్సైడ్, ఏడోది పసుపులో సున్నం కలిపితే వచ్చే కుంకుమ ఎరుపు, ఎనిమిదోది జాజు. జాజు తెలుసా మీకు? పండక్కి గోడకు సుద్ద పూసి కింద అంచుకు పూస్తారే, ఆ ఎర్రమన్ను. ఎనిమిదీ ఒకే కాగితం మీద పట్టీలుగా వేశాను. ఒక్కో పట్టీలో సగం చిక్కగా, సగం పల్చగా. మొత్తం కాగితంలో కింది భాగానికి నల్ల కాగితం చుట్టి, పడమటి కిటికీకి అంటించాను. రాయలసీమ ఎండ, ఏప్రిల్, మే. అంతకంటే మంచి లేబరేటరీ ఎక్కడ దొరుకుతుంది?

ఏమైందో చెప్పండి? వారానికే పసుపు ఎరుపు పోయింది. తర్వాత పోస్టర్ కలర్. క్రిమ్సన్ చిక్కగా వేసినచోట పర్వాలేదు, పల్చగా వేసినచోట జూన్‌కి తేలిపోయింది. ఎనామెల్ కొంచెం. జాజు? జాజు కదల్లేదు. రెడ్ ఆక్సైడ్ కదల్లేదు. నల్ల కాగితం విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రెండింట్లో ఏది ఎండ చూసిందో, ఏది చూడలేదో నేను చెప్పలేకపోయాను.

ఎందుకంటే ఆ రెండూ ఒకటే. ఇనుము తుప్పు. అప్పటికే తుప్పు పట్టింది, దాన్ని ఎండ ఇంకేం చేస్తుంది? మా నాయన ఇరవై ఏళ్ళుగా, నిలబడే ఎరుపును రేకు కింద పెట్టి, నిలబడని ఎరుపును పైన పెట్టి, ఎరుపు నిలబడదు అంటున్నాడు! ఫోన్ చేసి చెప్తే ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మట్టి రంగుతో బోర్డు రాస్తే ఎవడు డబ్బులిస్తాడు పాపా?" అన్నాడు. అదీ నిజమే.

ఒక్క మాట, మీ ట్యూబులు తీసి వెనక చూడండి. మంచి కంపెనీవైతే చిన్న అక్షరాల్లో పి.ఆర్. 83 అనో, పి.ఆర్. 101 అనో ఉంటుంది. పి.ఆర్. అంటే పిగ్మెంట్ రెడ్. 83 అంటే అలిజరిన్ క్రిమ్సన్, ఎండకు ఆగదు. 101 ఐరన్ ఆక్సైడ్, ఆగుతుంది. ట్యూబు మీద పేరు ఏదైనా పెట్టుకుంటారు, ఆ నంబరు చూడండి. దీన్ని పద్ధతిగా కొలిచేవాళ్ళు 8 నీలి ఉన్నిగుడ్డ పట్టీలను పక్కన పెట్టి, ఏ పట్టీ వెలిసేసరికి ఈ రంగు వెలిసిందో చూస్తారు. నాకు అవి దొరకలేదు, అక్కర్లేకపోయింది కూడా.

వాన్ గో పడకగది బొమ్మ అందరూ చూసే ఉంటారు. గోడలు నీలంగా ఉంటాయి కదా. 1888లో ఆయన వేసినప్పుడు అవి లేత ఊదా. ఊదాలోని ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. మనం చూసి చూసి, ఆహా ఆ నీలం ఏం నీలం అంటాం! తన రంగులు వెలిసిపోతాయని ఆయనకూ తెలుసు, తమ్ముడికి ఉత్తరాల్లో రాశాడు.

మూడో ఏడాది స్టడీ టూర్‌లో లేపాక్షి తీసుకెళ్ళారు. మా కదిరికి అంత దగ్గర, నేను అప్పటిదాకా చూడలేదు, సిగ్గుచేటు. వీరభద్రస్వామి గుడి మండపంలో అందరం వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాం. అచ్యుతరాయల కాలం బొమ్మలు, దాదాపు 500 ఏళ్ళు. గచ్చు రాలిపోయినచోట బొమ్మ లేదు. గచ్చు ఉన్నచోట ఎరుపు ఉంది. బట్టల మీద ఆ డిజైన్లు, ఆ అంచులు, ఎర్రగా. నాకు ఏం గుర్తొచ్చిందో ఊహించండి. మా వసారా చెక్క!

అక్కడి నుంచి శ్రీకాళహస్తి. కలంకారీ. అక్కడ నేను చూసిన ఒక పని చెప్తాను, అది చూశాక రెండు రోజులు నిద్రపట్టలేదు. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టిన కసిమితో గీతలు గీస్తారు. ఆ కసిమి కరక్కాయను తాకగానే నల్లబడుతుంది. సరే, ఇది అందరికీ తెలిసిందే. ఎరుపు ఎలా వేస్తారు? పటిక నీళ్ళతో వేస్తారు. పటిక నీళ్ళకు రంగుందా? లేదు. ఎర్రగా ఉండాల్సిన చోటల్లా ఆ రంగులేని నీళ్ళు పూసుకుంటూ పోతారు. ఎక్కడ పూశారో చూసేవాడికి తెలియదు, చేసేవాడికి తెలుసు. తర్వాత ఆ గుడ్డను ఎర్ర రంగు నీళ్ళలో ఉడికిస్తారు. పూర్వం ఆ ఎరుపు కోసం చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు. పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట ఉతికితే పోతుంది. అంటే బొమ్మ అయిపోయాక రంగు వస్తోంది!

హాస్టల్‌కి రాగానే మొదలుపెట్టాను. పాత జబ్బు ఎక్కడికి పోతుంది? ప్రైమర్ కొట్టిన కాన్వాస్ మీద పటిక పూసి ఉడికించబోయాను. ప్లాస్టిక్ పొర మీద పటిక ఏం చేస్తుంది? ఏం చేయలేదు. బకెట్ పోయింది, వార్డెన్‌తో తిట్లు మిగిలాయి. అప్పుడు బుద్ధి తెచ్చుకుని ఒక్కటొక్కటే మార్చాను. మామూలు గాడా గుడ్డ. పాలు వేసి ఒకటి, పాలు లేకుండా ఒకటి. పాలు లేనిదాంట్లో కసిమి గీత గుడ్డలోకి పాకిపోయింది. పాలున్నదాంట్లో నిలిచింది. పాలలో కొవ్వు ఎందుకో అప్పుడు అర్థమైంది. అది రెండో ప్రయోగం.

మూడోది జాజును నూనెలో నూరడం. నేరుగా నూరితే ఇసుక తగులుతుంది. నీళ్ళలో కలిపి, బరువైనది అడుక్కి పోయాక పై నీళ్ళు వంచి, మళ్ళీ తేర్చి, మళ్ళీ వంచి, నాలుగోసారి అడుగున మిగిలిన మెత్తటి మట్టి ఆరబెట్టి లిన్‌సీడ్ నూనెతో నూరాను. నూనె ఎంతకి ఎంత, ఎన్నాళ్ళకు ఆరింది, అన్నీ రాశాను. నా దగ్గర కూడా ఒక చెక్క తయారైంది.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. మూడో ఏడాది చివర బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా పట్టీలు, చెక్క, నోటుబుక్కు చూసి, "ఇది కెమిస్ట్రీ రికార్డు, పెయింటింగ్ ఎక్కడ?" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. హాస్టల్‌కి వెళ్ళి ఏడ్చాను కూడా. కానీ ఆయన అన్నదాంట్లో సగం నిజం. రంగుల గురించి నాకు తెలిసింది, ఆ రంగులతో ఏం చెప్పాలో తెలియలేదు. ఇంకో సగం తప్పని ఇప్పటికీ అంటాను. తెలుసుకునే పని ఎక్కడో ఒకచోట జరగాలి కదా? కాలేజీలో కాకపోతే ఎక్కడ జరుగుతుంది? బయటికెళ్ళాక గ్యాలరీవాడు మీకు పసుపు, సున్నం కలుపుకోవడానికి టైమిస్తాడా?

మన పెద్దవాళ్ళను చూడండి. నిజాంపూర్ నుంచి లక్ష్మాగౌడ్ గారు 1960ల్లో బరోడా ఆర్ట్ కాలేజీకి వెళ్ళింది మ్యూరల్, అంటే గోడ మీద పెద్ద బొమ్మలు నేర్చుకోవడానికి. అక్కడ ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చు బొమ్మల పని కూడా పట్టుకున్నారు. ఆయన పేరు చెప్తే ఈరోజు ముందు గుర్తొచ్చేవి ఎచ్చింగులే, లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తినిపించి తీసే అచ్చు బొమ్మలు. అక్కడ ఆయనకు చెప్పిన కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు ఒక్కచోట కుదురుగా ఉన్న మనిషి కాదు. టెర్రకోట, అద్దం మీద బొమ్మలు, ఆ కాలేజీ ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ కోసం పిల్లల ఆటబొమ్మలు, ఏ పదార్థం దొరికితే దాన్ని తరచి చూశారు. వైకుంఠం గారు కూడా ఆయన దగ్గరే చదివారు. ఆయన బొమ్మల్లో ఆ తెలంగాణ ఆడవాళ్ళు, ఆ నిండు బొట్టు చదువు అయిన మర్నాడు వచ్చినవి కావు, చాలా ఏళ్ళు పట్టింది. మరోవైపు రాజమండ్రిలో దామెర్ల రామారావు గారు ఉన్నారు. 1897లో పుట్టి 1925లో పోయారు. 28 ఏళ్ళు నిండలేదు. ఆయనకు ఆ టైమే లేదు. అక్కడ ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా నాకు ఈ లెక్కే తిరుగుతుంది. మనలో ఎవరికి ఎంత టైముందో ఎవరికి తెలుసు?

నాలుగో ఏడాది. ఫైనల్ డిస్‌ప్లేకి ఏం వేయాలి? ఆ ఎగ్జామినర్ మాట చెవుల్లో ఉంది. సంక్రాంతికి ఊరెళ్ళాను. బస్టాండు దగ్గర మా నాయన రాసిన ఒక పాత బోర్డు, మూసేసిన సైకిల్ షాపుది, ఇంకా వేలాడుతోంది. ఎర్ర అక్షరాలు పూర్తిగా పోయాయి. నల్ల అంచులు మాత్రం ఖాళీగా నిలబడి ఉన్నాయి. తెల్లరంగు లేచినచోట కింద నుంచి రెడ్ ఆక్సైడ్ కనబడుతోంది. అక్షరం పోయింది, దాని చుట్టూ గీత ఉంది, అడుగున మట్టి ఉంది. అరగంట అక్కడే నిలబడ్డాను.

ఏం వేయాలో తెలిసింది. నాకు తెలిసిందంతా పనికొచ్చేది కూడా అక్కడే. నాలుగడుగుల కాన్వాస్. అడుగున నేను నూరిన జాజు. దాని మీద తెలుపు. తెలుపు మీద మా నాయన రాసినట్టే, సుద్ద దారం కొట్టి, "ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును". ఏ ఎరుపుతో రాశాను? పల్చటి క్రిమ్సన్‌తో. పోతుందని తెలిసే. నిలబడే ఎరుపు నా దగ్గర ఉండగా, పోయే ఎరుపు ఎంచుకున్నాను. మొదటి ఏడాది దాచుకున్న ఆ గట్టి చెయ్యితోనే రాశాను, నల్ల అంచు స్కేలు పెట్టినట్టు. ఈసారి దాచలేదు. డిస్‌ప్లేకి మా నాయన వచ్చాడు. కోటు వేసుకున్న సార్లందరి ముందు, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "వ కింద వత్తు ఇరుకైంది పాపా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. చూస్తే, నిజంగానే ఇరుకైంది.

అదే ఈ బొమ్మ. 2011లో పరీక్ష అయ్యాక కుడి సగానికి నల్ల కాగితం వేసి, మా ఇంట్లో కిటికీకి ఎదురుగా పెట్టాను. ఇన్నేళ్ళూ ఎడమ సగం ఎండ చూసింది, కుడి సగం చూడలేదు. ఆ గుడ్డ తీయమ్మా. నెమ్మదిగా. ఆ నల్ల కాగితం కూడా.

చూడండి. "అద్దెకు ఇవ్వబడును" రాసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. "ఇచ్చట సైకిళ్ళు" దగ్గర ఉత్త అంచులు. ఆ మూల తెలుపు పలచబడినచోట జాజు బయటికొస్తోంది, అది నేను అనుకోలేదు, బాగుంది.

దగ్గరకొచ్చి చూడండి, చేతులు మాత్రం పెట్టకండి. ప్రశ్నలుంటే అడగండి, రైలు ఆరింటికి. నాయనా, ఆ కిటికీ మూస్తున్నావెందుకు? ఎండ దీని మీద పడుతోందనా? వద్దు, తెరిచే ఉంచు.